గుంత ఒడ్డున చెప్పులు

మా ఊరి నుంచి తాండూరు బస్సు ఆగే రోడ్డు దాకా అరగంట నడక. ఆ దారిలో ఒక మలుపు ఉంది. ఆ మలుపు దగ్గర నన్ను ఏదో పట్టేది. మొదటి రెండుసార్లూ సరిగ్గా అక్కడే, పట్టపగలు, పది అడుగులు ఇటూ కాదు, అటూ కాదు. మూడోసారి అది మలుపు దాటి నాకు ఎదురొచ్చింది.

ఈ మాట చెబితే చదువుకున్నవాళ్ళు నవ్వుతారు, ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. నాకు ఇద్దరి మీదా కోపమే. నేను తాండూరులో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి లెక్కలు, సైన్సు చెబుతాను. దయ్యాలు లేవని పిల్లల చేత ఎక్కాల్లాగా వల్లె వేయించిన మనిషిని. ఆ మలుపులో నిలబడి మాత్రం ఆ పాఠం చెప్పలేకపోయాను.

మలుపు పక్కనే పాత నాపరాళ్ళ గని. బండ తీయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడది పచ్చటి నీళ్ళు నిండిన పెద్ద గుంత. కోసిన రాతి అంచులు మెట్లు మెట్లుగా నీళ్ళలోకి దిగిపోతాయి. ఎన్ని మెట్లో ఎవరూ చూసి రాలేదు. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ వైపు నుంచి లారీల మోత, రాయి పగిలే చప్పుడు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటాయి. గుంతలో నీళ్ళు మాత్రం గాలికి కూడా పెద్దగా కదలవు.

నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ ఆ నీళ్ళలోనే పోయింది. అప్పట్లో ఆ పక్కనే ఇంకో గనిలో పని నడిచేది. అమ్మ అక్కడ బండలు మోసేది. ఒక శనివారం పొద్దున, పని మధ్యలో, ఎవరికీ చెప్పకుండా ఒక్కతే గుంత వైపు నడిచింది. తర్వాత చూస్తే ఒడ్డున ఆమె చెప్పులు విడిచి ఉన్నాయి. కాలు జారి పడ్డవాళ్ళు చెప్పులు విడవరు కదా, కావాలనే దిగిందని ఊరు తీర్పు చెప్పేసింది. నాయన చనిపోయేదాకా దాని గురించి నోరు విప్పలేదు.

నన్ను పెంచింది పెద్దమ్మ. అమ్మకు సొంత అక్క. అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఒకే ఇంట్లో అన్నదమ్ములకు ఇచ్చారు. నాకు తల దువ్వుతుంటే చిక్కు పడితే చాలు, జుట్టు మీది కోపం చెల్లెలి మీదికి మళ్ళేది.

"నాలుగేండ్ల పిల్లను ఇడిసిపెట్టి పోయింది. ఏం మనిషే అది! దానిది గుండె గాదు, బండ."

ఆ మాట వింటూనే పెరిగాను. అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నన్ను వద్దనుకుని పోయిందన్న సంగతి మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

తాండూరులో ఉద్యోగం దొరికిన ఏడే శనివారాలు పట్టాను. నిజం చెప్పాలంటే నాకంత భక్తి లేదు. అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉండేదని పెద్దమ్మ ఎప్పుడో నోరు జారింది. అమ్మ చేసిన పని ఒక్కటన్నా చేయాలని నాకు మొండిగా అనిపించింది. ఒక్కపొద్దు ఎవరింటి పద్ధతి వాళ్ళది. మా ఇంట్లో ఆ రోజు పొద్దున జొన్నరొట్టె గానీ సద్దన్నం గానీ ముట్టకూడదు. పెద్దమ్మ తలస్నానం చేసి ఫలహారానికి చపాతీలు కాల్చి పెడుతుంది. సాయంత్రం దీపం పెట్టాకే అన్నం.

మొదటిసారి అది జరిగిన శనివారం నేను బస్సు కోసం గబగబా నడుస్తున్నాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి అరచేతులు దురద పెట్టాయి. మిరపకాయ కోసిన చేతుల్లాగా మంట. తర్వాత అరికాళ్ళు. తర్వాత చెవుల్లో వేడి. ఉన్నట్టుండి కరణ్‌కోట చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. ఆగింది నా చెవులని ఆ క్షణంలో తెలియదు, లోకమే ఆగిందనుకున్నాను. అప్పుడు, చెవి పక్కన ఎవరో నింపాదిగా చెప్పినట్టు, నాకొక సంగతి తెలిసింది. నేను ఇప్పుడు చచ్చిపోతున్నాను. భయం కాదది, అంతకంటే చెడ్డది. తెలిసిపోవడం. తర్వాత నేలమీద ఉన్నాను. లేచేసరికి ముఖమంతా దద్దుర్లు, పెదాలు వాచి ఉన్నాయి. గుంత వైపు తల పెట్టి పడి ఉన్నాను.

ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు దురదకు సూది వేశాడు. "ఎండ గొట్టింది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. పక్కింటామె వంకాయ అంది. ఎదురింటామె గోంగూర అంది. చేప అన్నవాళ్ళు, గుడ్డు అన్నవాళ్ళు, తాండూరు కందిపప్పు అన్న మహానుభావులు కూడా ఉన్నారు. తలా ఒక మాట, తలా ఒక పథ్యం. నంజు పదార్థాలని ఒక్కొక్కటీ మానిపించారు. నేను చిక్కి సగమయ్యాను. ఏం తినాలి అని ఏడిస్తే అందరూ ఒకటే సలహా ఇచ్చారు, ఆర్ఎంపీతో సహా.

"రాత్రిపూట రెండు చపాతీలు తిను. తేలికగ ఉంటది."

తిన్నాను. ఏమీ కాలేదు. నెలలు గడిచాయి. శనివారాలు వచ్చాయి, పోయాయి. ఎండ దెబ్బే అయి ఉంటుందని నేనూ నమ్మడం మొదలుపెట్టాను.

రెండోసారి పట్టిన రోజు గొర్రెల కాపరి తాత లేకపోతే ఈ కథ చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు. ఆయన చిన్నప్పటి నుంచీ ఆ గుంత చుట్టే గొర్లను మేపుతున్నాడు. ఆ శనివారం కూడా బస్సుకు ఆలస్యమై ఉరుకుతున్నాను, మలుపు రాగానే అరచేతులు భగ్గుమన్నాయి. ఆ తర్వాతి సంగతి నాకు ముక్కలు ముక్కలుగా మాత్రమే గుర్తు. పచ్చటి నీళ్ళు. వాటిలో చేతులు పెడితే చల్లబడతాయన్న ఒకే ఒక్క కోరిక. కాలి కింద రాతి అంచు. వెనక నుంచి ఎవరో జడ పట్టి గుంజారు.

స్పృహ వచ్చేసరికి తాత గొంగడి మీద ఉన్నాను. ఆయన నావైపు చూడడం లేదు. కొంచెం దూరంలో, ఒడ్డున, పక్కపక్కనే ఉన్న నా చెప్పుల్ని చూస్తున్నాడు. అవి నేనెప్పుడు విడిచానో నాకు తెలియదు.

"అచ్చం గట్లనే ఉన్నయి బిడ్డా" అన్నాడు. "మీ అమ్మ గూడ గిట్లనే, చేతులు రుద్దుకుంట, రుద్దుకుంట, గీడికే వచ్చింది. నేను అగో, ఆ గడ్డ మీద ఉంటి. కేకేస్తే ఇనలే. ఉరికొచ్చే వరకు చెప్పులే ఉన్నయి."

ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. తల్లి పిలుస్తోంది. బిడ్డ పోతోంది. బావి దగ్గర ఆడవాళ్ళు నాకు దారి ఇచ్చి పక్కకు జరగడం మొదలుపెట్టారు. నాతో పాటు బస్సుకు నడిచే అమ్మాయి వేళ మార్చుకుంది.

నేను అంత తేలిగ్గా లొంగే రకం కాదు. హైదరాబాదు పోయి, ఒక పెద్ద ల్యాబులో రక్తం ఇచ్చి వచ్చాను. నాలుగు పేజీల కాగితం వచ్చింది. పాలు, వేరుశనగ, వంకాయ, నిమ్మ, రొయ్య, బొద్దింక. సగం వాటి పక్కన ఎర్ర గీతలు. గోధుమ పక్కన ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. అది చూసిన వాళ్ళెవరూ నాకు అర్థం చెప్పలేదు. బొద్దింకను తినవద్దని మాత్రం ఒక కాంపౌండరు నవ్వుతూ చెప్పాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది నా సైన్సు.

అప్పుడు లొంగిపోయాను. పెద్దమ్మ పరిగి వైపు ఎక్కడి నుంచో సోది చెప్పే ఆమెను తీసుకొచ్చింది. ఆమె నా చేయి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"తల్లి పేగు. ఒక్కతే ఉండలేక పిలుస్తుంది. తొమ్మిది శనివారాలు గట్టిగ ఒక్కపొద్దుండి, కాళ్ళకు చెప్పుల్లేకుంట గుంత కాడికి నడువు. ఆఖరి శనివారం చీర, గాజులు నీళ్ళల్ల ఇడువు. శాంతిస్తది."

మూడో తరగతికి సైన్సు చెప్పే మనిషి చెప్పుల్లేకుండా బయలుదేరింది. పెద్దమ్మ నాతోనే వచ్చేది. ఆమెవి అరిగిన మోకాళ్ళు, అందుకని నెమ్మదిగా, అక్కడక్కడా కూర్చుంటూ నడిచేవాళ్ళం. ఎనిమిది శనివారాలు ఏమీ కాలేదు. ఊరు నమ్మింది. నేనూ నమ్మాను. సిగ్గుపడుతూనే ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో నాకు ఏదో మూల బాగుండేది. చంపడానికైనా సరే, అమ్మ నన్ను పిలుస్తోంది. వద్దనుకుని పోయిన మనిషికి ఇన్నేళ్ళకు నేను కావలసి వచ్చాను. ఇంత పిచ్చి సంతోషం ఎవరికైనా ఉంటుందా?

తొమ్మిదో శనివారం పొద్దున తల పగిలిపోతోంది. మొక్కు ఆపితే ఎట్లా అని ఆర్ఎంపీ దగ్గర నొప్పి గోలి తెచ్చి మింగాను. చపాతీలు తిన్నాను. చీర, గాజులు సంచిలో పెట్టుకుని బయలుదేరాం. మలుపు ఇంకా చాలా దూరం ఉంది, గుంత కనిపించడం లేదు. అప్పుడే అరచేతులు మండాయి. అమ్మే ఎదురొచ్చిందనుకున్నాను. గొంతు లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు ఊపిరి సన్నబడింది. నేను పెద్దమ్మ చేతులు విదిలించుకుని పాకుతున్నాను.

"నీళ్ళు… చేతులు నీళ్ళల్ల పెట్టాలె…"

పెద్దమ్మ నా మీద పడిపోయి, రెండు చేతులా నన్ను నేలకు అదిమి పట్టుకుని, గుంత ఉన్న దిక్కుకు తిరిగి అరిచింది. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"ఇడువే! నా బిడ్డను ఇడువు! గప్పుడు ఇడిసిపెట్టి పోయినదానివి ఇప్పుడెందుకే? కావాల్నంటే నన్ను తీస్కపో!"

కరణ్‌కోటలో డ్యూటీకి పోతున్న ఇద్దరు బైకు ఆపి నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని తాండూరు తీసుకెళ్ళారు. ఆస్పత్రిలో తొడకు ఒక సూది వేశారు. గుండె డప్పులాగా మోగింది, గొంతు తెరుచుకుంది. ఏదో పడలేదన్నారు. ఏం తిన్నావని అడిగారు. చపాతి అన్నాను. చపాతితో ఏం కాదన్నారు. వికారాబాద్‌లో ఒక పెద్ద డాక్టరు ఉన్నాడు, దమ్ము రోగులను, ఒంటికి ఏదో పడనివాళ్ళను చూస్తాడు, ఆయనకు చూపించుకో అని చీటీ రాశారు.

పెద్దమ్మ రానంది. జబ్బయితే డాక్టరు, ఇదేం జబ్బు అని ఆమె బాధ. ఒక్కదాన్నే రైలెక్కాను.

ఆ డాక్టరు రిటైరైన మనిషి. ఇంటి వరండాలోనే రోగులను చూస్తాడు. నా నాలుగు పేజీల కాగితం చూసి మడిచి బల్ల మీద పెట్టి, దాని మీద తన టీ గ్లాసు పెట్టాడు. ఆ పని నాకు భలే నచ్చింది.

"ఏం తిన్నవో అందరు అడిగిన్రు గదా. తిన్నంక ఏం జేసినవో ఎవరన్న అడిగిన్రా?"

"నడిచిన సార్. బస్సుకు."

"చపాతి తిని నడవని దినాలు?"

రాత్రి చపాతీలు గుర్తొచ్చాయి. తిని పడుకునేదాన్ని. ఏమీ కాలేదు. ఎవరో ఒకరు బైకు మీద దింపిన శనివారాలు గుర్తొచ్చాయి. అప్పుడూ ఏమీ కాలేదు. జొన్నరొట్టె తిని అదే దారిన ఉరికిన సోమవారాలు, మంగళవారాలు లెక్కలేనన్ని. పెద్దమ్మతో మెల్లగా నడిచిన ఎనిమిది వారాలు చెప్పాను. తొమ్మిదో వారం మలుపు రాకముందే పట్టిందని చెబితే ఆయన ముందుకు వంగాడు.

"ఆ దినం గోలి ఏమన్న మింగినవా?"

తలనొప్పికి ఒకటి మింగానన్నాను. ఆస్పత్రిలో కూడా చెప్పని సంగతి అది.

"అగ్గిపెట్టె ఒక దగ్గర, పుల్ల ఒక దగ్గర ఉంటే మంట రాదమ్మా. నీకు గోధుమ ఒక్కటే అయితే ఏం గాదు. నడక ఒక్కటే అయితే ఏం గాదు. రెండు కలిస్తెనే. నొప్పి గోలి దాని మీద కిరసనాయిలు. తిన్న గోధుమ నీ ఒంట్ల అంటుకోనీకి ఎంతసేపు పడ్తదో, గా మలుపు కాడికి నడవనీకి నీకు గంతే సేపు పడ్తది. మలుపుల ఏం లేదు."

గోధుమలోని ఒకే ఒక రకం ప్రొటీన్‌కు వేరే పరీక్ష ఉందట. మామూలు కాగితంలో అది దొరకదట. రక్తం పంపించాడు, తర్వాత ఆయన చెప్పిందే నిజమని తేలింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. వంకాయను ఊరి నుంచి వెలేసి, దొంగను పీట వేసి కూర్చోబెట్టాం.

"చచ్చిపోతున్ననని ఎవరో చెవుల చెప్పినట్టుంటది సార్" అన్నాను, ఆఖరి ఆశలాగా.

"గిది వచ్చిన వాళ్ళు మస్తుమంది గదే చెప్తరమ్మ. అది గూడ రోగ లక్షణమే."

ఏడ్చాను. బతికానని కాదు. ఆయన నా చెవి దగ్గరి నుంచి అమ్మను తీసేశాడు. పిలిచే వాళ్ళెవరూ లేరు, ఎప్పుడూ లేరు. ఆయన నేను భయపడ్డాననుకుని మళ్ళీ పడితే వేసుకోవడానికి ఒక మందు సీసా, సిరంజి చేతికిచ్చి, తొడలో ఎలా పొడుచుకోవాలో బత్తాయి పండు మీద నేర్పించాడు. అలవాటుగా ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా అని అడిగాడు. లేదన్నాను. అమ్మ ఎట్లా పోయిందని అడిగితే, నీళ్ళలో పడి అన్నాను.

సాయంత్రం రైలులో కిటికీ పక్కన కూర్చున్నాను. ధారూర్‌లో బండి ఆగింది. ఎదురు సీటులో ఒక తల్లి పిల్లవాడి చేతులకు ఐస్‌క్రీం అంటి ఉంటే బాటిల్ నీళ్ళతో కడుగుతోంది. వాడి అరచేతుల మీద నీళ్ళు పడుతుంటే చూస్తున్నాను. తాత మాట నా వెనక నుంచి వచ్చింది. మీ అమ్మ గూడ గిట్లనే, చేతులు రుద్దుకుంట.

శనివారం. ఒక్కపొద్దు. తల మీద బండ.

డాక్టరుకు ఫోన్ చేశాను. అమ్మకూ ఇదే అయి ఉంటుందా అని అడిగాను.

"ఉండొచ్చమ్మా. ఉండకపోవచ్చు. ఇన్నేండ్లకు ఎవరు చెప్తరు?"

ఇంటికి చేరేసరికి పెద్దమ్మ గడప దగ్గర చాటలో కందిపప్పు చెరుగుతోంది. చెప్పులు విడవకుండానే ఆమె ముందు కూర్చున్నాను.

"పెద్దమ్మా, అమ్మ పోయిన దినం పొద్దుగాల ఏం తిన్నది?"

"ఇప్పుడు గదెందుకు?"

"చెప్పు."

"ఒక్కపొద్దు గద. కంట్రోలు దుకాణంల ఇచ్చిన గోధుమల పిండి ఉండె. రొండు చపాతీలు చేసి కట్టిచ్చిన. పని మధ్యల తిని మళ్ళ బండలు మోసిందట." చెప్పి చాట ఊపింది. "నేనే చేసిచ్చిన."

చెబితే అమ్మ మీది నింద పోతుంది, కానీ అది పోయి పెద్దమ్మ చేతుల మీద పడుతుంది. చెప్పకపోతే అమ్మ ఎప్పటికీ నన్ను వదిలేసి పోయిన మనిషే. చాటలో పప్పులోంచి రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. చివరికి డాక్టరు చెప్పిందంతా చెప్పాను. గోధుమ, నడక, మంట, నీళ్ళు. గోధుమ అంత పని చేస్తుందని ఎవరికీ తెలియదని, పెద్ద పెద్ద డాక్టర్లకే తెలియలేదని రెండుసార్లు చెప్పాను. పెద్దమ్మ ఏడవలేదు. ఆమె ఇంకేదో ఆలోచిస్తోంది.

"చేతులు సరే" అంది. "అరికాళ్ళు గూడ మండుతయా?"

"మండుతయి పెద్దమ్మ. చెప్పులు వేసుకోబుద్ధి గాదు."

చాట ఆగిపోయింది.

"గట్లయితే… అది దుంకలే."

"దుంకలే పెద్దమ్మ."

"ఇరవై ఎనిమిదేండ్లు తిట్టిన గద బిడ్డా దాన్ని."

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. నేనూ బలవంతం చేయలేదు.

శనివారం పొద్దున పెద్దమ్మ జొన్నరొట్టె కాల్చింది. ఒక్కపొద్దుకు జొన్నరొట్టె మా ఇంట్లో అదే మొదలు. తిని ఇద్దరం మలుపు దాకా నడిచాం. నా సంచిలో స్టీలు డబ్బా, దాంట్లో మందు సీసా, సిరంజి. కరణ్‌కోట వైపు నుంచి లారీల మోత వస్తోంది. నీళ్ళు ఎప్పటిలాగే పచ్చగా, కదలకుండా ఉన్నాయి. పెద్దమ్మ ఒడ్డున నిలబడి, నా చిన్నప్పుడు చెల్లెల్ని తిట్టిన గొంతుతోనే, నీళ్ళకేసి గట్టిగా అంది.

"నువ్వు ఇడిసిపెట్టి పోలేదని ఒక్కమాట జెప్పకపోతివి గదనే!"

జవాబు కోసం ఇద్దరం కాసేపు నిలబడ్డాం. తర్వాత బస్సు వేళయిందని నేను రోడ్డు వైపు నడిచాను. నా చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి.